గోడ మీద వేరుశనగ చేను

తమిళ ఆవణి నెలలో ఒక మంగళవారం పొద్దున వరదన్ మా గడప ముందు నిలబడి, మా వేరుశనగ కొట్టు ఒక గంటసేపు కావాలని అడిగాడు. నోటితో అడగలేదు. గాలిలో తాళం తిప్పినట్టు వేళ్ళు తిప్పి, పెరటి వైపు చూపించాడు.

వరదన్ మా ఎదురింటి మునిరత్నం కొడుకు. ముప్పై నాలుగేళ్ళు నిండాయి. మాట తడబడుతుంది. సగం సంగతులు చేత్తో చెప్పి, మిగిలిన సగానికి మాత్రమే నోరు తెరుస్తాడు. కొట్టంటే మేం కాయలు పోసుకునే గది. దానికి కిటికీ లేదు. తలుపు మూస్తే పట్టపగలైనా చీకటే. పాత కాయ అమ్ముడైపోయింది, కొత్త కాయ రావడానికి ఇంకా రెండు నెలలుంది.

"కొట్టులో ఏముండాది నాయనా? ఎలకపిల్ల కూడా లేదు. మొన్ననే బొరియలన్నీ పూడ్చి సున్నం కొట్టించినా" అన్నాను.

"అ... అందుకే పెద్దమ్మా. గ... గోడ కావల్ల. తెల్ల గోడ. చీ... చీకటి."

తెల్ల గోడతో, చీకటితో ఏం పనో తెలుసుకోకుండా తాళం ఇవ్వడం నా వల్ల కాలేదు. "నేనూ లోపలే వుంటా. సరేనంటే తీసుకో" అన్నాను. తల ఊపాడు.

ఆ గదిలో నేను చూసింది చెప్పేముందు ఆ పిల్లవాడి సంగతి కొంచెం చెప్పాలి.

ఐదేళ్ళప్పుడు మాట పట్టేయడం మొదలైంది. నాలుక మీద తేనె రాశారు, తాయెత్తు కట్టారు, తిరుత్తణి కొండకు మొక్కుకుని గుండు చేయించారు. జుట్టు మళ్ళీ వచ్చింది గాని మాట చక్కబడలేదు. బళ్ళో పాఠం ఒక్కొక్కరి చేత చదివిస్తారు కదా, వరదన్ తనకు ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, ఇద్దరు మిగిలినప్పుడు నీళ్ళు తాగడానికి లేచిపోయేవాడు. కొన్నాళ్ళకు అయ్యవారే అతన్ని దాటేసి పక్కవాడిని లేపడం మొదలుపెట్టాడు. దయతోనే దాటేశాడు. ఆ దయే పిల్లవాడిని ఎక్కువ కోసింది.

మాట్లాడని పిల్లవాడు ఊరికే ఉండడు, చూస్తాడు. వాళ్ళ నాన్న వేరుశనగ విత్తితే, వారానికొక మొక్క పీకి కింద ఏం జరుగుతోందో చూసేవాడు. చూసి మళ్ళీ నాటేవాడు. అది బతకదు. గట్టు పక్క వరసలో మొక్కలన్నీ చచ్చిపోతుంటే పురుగు పట్టిందనుకుని మునిరత్నం మందు కూడా కొట్టాడు. పురుగెవరో తెలిసిన రోజు చెర్నాకోల తీసుకుని వీధంతా తరిమాడు.

తర్వాత తిరుత్తణి కాలేజీలో చెట్ల చదువు చదివాడు. ఆపైన బి.ఎడ్. చేశాడు. అయ్యవారు కావాలని కోరిక. నత్తివాడికి అయ్యవారి ఉద్యోగమేమిటని ఊరంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధం చెప్పను.

ఉద్యోగం ఇచ్చే ముందు బళ్ళవాళ్ళు ఒక పాఠం చెప్పించుకుంటారట. డెమో క్లాసు అంటారు. వెనక బెంచీల్లో పెద్దలు కూర్చుంటారు, ముందు పిల్లలుంటారు. మొదటి బళ్ళో పిల్లలు నవ్వారు, వరదన్ మధ్యలోనే చాక్‌పీసు కింద పెట్టి వచ్చేశాడు. రెండో బళ్ళో పిల్లలు నవ్వలేదు, పెద్దలే ఐదు నిమిషాలకు "చాలు తంబీ" అన్నారు. అప్పటి నుంచి ఆర్.కె.పేటలో ఒక ఫొటో స్టూడియోలో పని. పెండ్లిళ్ళకు, ఓణీల ఫంక్షన్లకు, అరవై ఏళ్ళ కల్యాణాలకు ఫొటోలన్నీ వరసగా పేర్చి, మండపంలో పెద్ద తెర మీద ఒకటి తర్వాత ఒకటి వచ్చేట్టు చేసేవాడు. సాయంత్రం ఇంటి వసారాలో ఎనిమిది మంది పిల్లలకు ట్యూషను చెప్పేవాడు.

ఇప్పుడు తిరుత్తణిలో ఒక బడి నుంచి ఉత్తరం వచ్చింది. సైన్సు అయ్యవారు కావాలి, తొమ్మిది రోజుల తర్వాత గురువారం వచ్చి పాఠం చెప్పమన్నారు. భార్య మంజుతో వరదన్ ఒక మాట అన్నాడట. ఇది మూడోసారి, ఇదే ఆఖరు. ఇది పోతే బి.ఎడ్. కాగితం ట్రంకుపెట్టె అడుగున పెట్టేసి, ఒరగడం ఫ్యాక్టరీలకు పోయే కంపెనీ బస్సు ఎక్కుతాడు. ఇక పాఠం అన్న మాట ఎత్తడు. మంజు రవికలు కుడుతుంది, మనిషి కంటే నోరు పదును. ఆ మాట నాకు చెప్పినప్పుడు మాత్రం ఆమె గొంతు బాగా తగ్గింది.

ఇక గదిలోకి వస్తాను.

మూడు ఖాళీ పీపాలు పేర్చి, వాటి మీద ప్రొజెక్టర్ పెట్టాడు. మంగళవారం స్టూడియోకు సెలవు కాబట్టి యజమాని వాడుకోనిచ్చాడు. మా ఇంట్లో నుంచి వైరు లాగాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తలుపు మూయమన్నాడు.

మూశాను. ఎదురు గోడ తెల్లగా వెలిగింది. వరదన్ వేలితో టక్కుమని నొక్కాడు. గోడ కింది భాగంలో ఎర్రమన్ను రంగు ఎడమ నుంచి కుడికి పాకుతూ వచ్చింది, మడకతో దున్నుకుంటూ పోయినట్టు. మళ్ళీ నొక్కాడు. ఒక విత్తనం మన్నులో పడింది. నొక్కాడు. విత్తనం పగిలి వేరు కిందికి పోయింది. నొక్కాడు. రెండు పప్పులు విడిపోయి మొలక పైకి లేచింది. ఆకులు నాలుగు నాలుగుగా విచ్చుకున్నాయి. కణుపులో పచ్చటి పువ్వు పూసింది.

నేను లేచి గోడ దగ్గరికి పోయాను. చెయ్యి పెట్టి చూశాను. సున్నం చల్లగానే ఉంది. కాని పువ్వు నా అరచేతి వెనక పూసి ఉంది. నా చెయ్యి మీద, ముడతల్లో, పచ్చగా.

"పెద్దమ్మా, చె... చెయ్యి అట్లనే పెట్టు" అని మళ్ళీ నొక్కాడు.

పువ్వు కింద నుంచి సన్నటి ఊడ ఒకటి బయలుదేరింది. వంగింది. నా వేళ్ళ మీదుగా కిందికి దిగింది, మణికట్టు దాటింది, మన్నులోకి పోయింది. అక్కడ దాని కొన ఉబ్బి కాయ అయింది.

నలభై రెండేళ్ళు వేరుశనగ పండించాను. కలుపు తీశాను, పీకాను, కోశాను, ఎండబెట్టాను, ఒలిచాను. ఊడకే కాయ కాస్తుంది, వేరుకు కాయదని మా పొలం మీద నడిచిన ప్రతి బిడ్డకూ చెప్పాను. కాని ఊడ ఎప్పుడు చూసినా దిగిపోయే ఉంటుంది. అది దిగుతుండగా చూసినవాళ్ళెవరు? మనం నిద్రపోయేటప్పుడు, పక్క మడికి నీళ్ళు కట్టేటప్పుడు, కొలత తెలియనంత మెల్లగా దిగుతుంది. ఆ పొద్దు నా చేతి మీదుగా దిగింది. నా నోట మాట రాలేదు. వరదన్ నా ముఖం చూసి, నాకే నత్తి వచ్చిందనుకున్నాడేమో, భయంగా తలుపు తీశాడు.

"ఇంకోసారి వెయ్యిరా" అన్నాను.

ఐదుసార్లు వేయించుకున్నాను. ఐదోసారికి నా బుద్ధి నాకు వచ్చింది. "ఒరే, ఆ పువ్వు మధ్యాన్నానికల్లా వాడిపోతుంది గదా. ఊడ దిగి కాయ కాసేదాకా అట్లనే నవ్వతా వుండాదేంది? ఊడ కూడా ఏంది ఆ దూకడం? బాయిలో బొక్కెన పడినట్టు పడుతుంది."

వరదన్ నవ్వాడు. నా పక్కన కూర్చుని తెర మీద గడులు తెరిచి చూపించాడు. తీరిగ్గా, ఆగి ఆగి చెప్పాడు. నాకు అర్థమైనంత వరకూ సంగతి ఇది. ఒక బొమ్మ రావడానికి ఒక కదలిక ఉంటుంది, పోవడానికి ఒకటి, ఉన్నచోటనే కదలడానికి ఒకటి. వీటిని యానిమేషన్ అంటారు. ఒక స్లైడు మొత్తం పోయి ఇంకో స్లైడు వచ్చేది వేరే, అది ట్రాన్సిషన్. ఏది ఎటు నుంచి రావాలో, ఎంతసేపట్లో రావాలో, మనం నొక్కితే రావాలో లేక దానంతట అదే రావాలో, అన్నీ మన ఇష్టం. ఊడ అరసెకనులో దిగేట్టు పెట్టి ఉంది. నా ఎదుటనే ఐదు సెకన్లు చేశాడు. పువ్వు వాడిపోవడం కూడా పెట్టాడు. మళ్ళీ నొక్కాడు. ఈసారి పువ్వు మెల్లగా రంగు తగ్గి లేకుండా పోయింది, దాని చోటు నుంచి ఊడ దిగుతూ, దిగుతూ, దిగింది.

"దీంతో నీ మాటకేం సంబంధం నాయనా?" అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. స్టూడియోలో కస్టమర్లకు ఫొటోలు చూపించేటప్పుడు తన నోరు చాలాసార్లు పట్టేయలేదట. ఎందుకా అని ఆలోచించాడట. "అం... అందరూ తెరనే చూస్తా వుంటారు పెద్దమ్మా. నా నోటిని ఎవరూ చూడరు. చూ... చూడకపోతే మాట వచ్చేస్తుంది. పట్టేసిందనుకో, సుమ్మా, ఊరికే ఒక నొక్కు నొక్కుతా. బొమ్మ వస్తుంది. వాళ్ళు బొమ్మ కోసరం కాచుకున్నామనుకుంటారు."

మాట ఆగిన చోట బొమ్మ వస్తుంది. ఎవరు నేర్పారు ఇతనికి? ఎవరూ నేర్పలేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మధ్యాహ్నానికి పక్కింటి రంగనాయకమ్మ వచ్చింది, ఆమె వెనక ఇంకో నలుగురు. కొట్టులో గోడ మీద చేను పండుతోందని నేనే చెప్పాను. చూసినవాళ్ళందరూ నోళ్ళు తెరిచారు. కాని రంగనాయకమ్మ దేనికీ ఒక పట్టాన మెచ్చదు.

"బాగుండాది వరదా. అయితే మా చెల్లెలి కూతురి పెండ్లిలో ఫొటో బొంగరం తిరిగినట్టు తిరిగి వచ్చె. అట్ల తిప్పరాదా ఆ కాయను?"

వరదన్ తిప్పి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"పువ్వును గంతులేయించు" అన్నాను నేను. వేయించాడు. "స్లైడు మారేటప్పుడు పుస్తకం పేజీ తిప్పినట్టు రానీ." వచ్చింది. "అద్దం పగిలినట్టు కూడా వుందంట గదా?" ఉంది. అది చూసి రంగనాయకమ్మ నిజంగానే వెనక్కి జరిగింది. మాకు ఆశ పెరిగింది. ఒకటి అడగడం, అతను చూపించడం, చప్పట్లు. జీవితంలో అతనికి చప్పట్లు ఎవరు కొట్టారు? అడిగిందల్లా పెట్టుకుంటూ పోయాడు. ఆ పాపంలో సగం నాది.

మళ్ళీ మంగళవారం సాయంత్రం, బడి వదిలాక, ట్యూషను పిల్లలు ఎనిమిది మందినీ కొట్టులో కూర్చోబెట్టి పాఠం మొత్తం చెప్పాడు. పాఠం ఎల్లుండే. నేను తలుపు దగ్గర, మంజు నా పక్కన. విత్తనం గిరగిర తిరిగి వచ్చింది, ఆకులు ఒక్కొక్కటే ఎగిరొచ్చి పడ్డాయి, పువ్వు గంతులేసింది, కాయలు బొంగరాలయ్యాయి, అద్దాలు పగిలాయి. పిల్లలు కేకలు పెట్టి నవ్వారు. చివర వరదన్ అడిగాడు. "కా... కాయ యాడ కాస్తుంది?"

పిల్లలు పోటీపడి చేతులెత్తారు.

"పువ్వు గంతులేసింది సార్!"

"కాయ చక్రం మాదిరి తిరిగింది సార్!"

"కాయ పై నుంచి వస్తుంది సార్. ఎగిరొచ్చి మన్నులో పడుతుంది."

ఇంటి చుట్టూ వేరుశనగ చేలున్న పిల్లలు వీళ్ళు. ఆ చేలల్లోనే ఆడుకుంటారు. ఊడ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

పిల్లలు వెళ్ళిపోయాక వరదన్ పీపా మీద కూర్చుని తల పట్టుకున్నాడు. మంజు చేతులు కట్టుకుని నిలబడింది.

"రవికకు చేతికొక లేసు, మెడకొక లేసు, వీపుకొక లేసు కుట్టినావు. తొడుక్కునేదానికి చోటు యాడ పెట్టినావు?"

"పో... పోనీలే. నేను పో... పో..." ఆ మాట రాలేదు. పోను అని. తిరుత్తణికి పోనని. మాట రాకపోయినా మాకిద్దరికీ వినబడింది.

తప్పు నాది కూడా కాబట్టి నోరు మూసుకుని ఉండలేకపోయాను. "వరదా, మా మామ భారతం కూత్తులో తెర పట్టేవాడు, తెలుసునా నీకు?"

తెలియదన్నట్టు చూశాడు. అతను పుట్టకముందే పోయాడు మా మామ. చెప్పాను. ద్రౌపదమ్మ గుడి ముందర కూత్తు, అంటే వీధినాటకం, ఆడేటప్పుడు వేషం నేరుగా రాదు. ఇద్దరు మనుషులు ఒక దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడతారు. దాని వెనక వేషం. మొదట పైన కిరీటం అంచు ఒక్కటే కనబడుతుంది. తర్వాత కింద గజ్జెలు. దుర్యోధనుడా, కర్ణుడా అని జనం మెడలు చాపి కాచుకుంటారు. అప్పుడు తెర తీస్తారు. ఒక్కసారే. ఒకసారి నేను మామను అడిగాను, తెర పట్టడం కూడా ఒక పనేనా అని. అప్పుడు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్త, నాకు పదిహేడేళ్ళు. ఆయన కోప్పడలేదు. "తెర ఊపితే జనం తెరను చూస్తారమ్మా, వేషాన్ని చూడరు. నేను చెయ్యి కదపకుండా నిలబడితేనే రాజు వస్తాడు" అన్నాడు.

వరదన్ గోడ వైపు చూశాడు. గోడ మీద ఏమీ లేదు, తెల్లగా ఉంది. తర్వాత ల్యాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకున్నాడు. మంజు వచ్చి పక్కన కూర్చుంది. కదిలే ప్రతి బొమ్మకూ ఒకటే ప్రశ్న అడిగింది. "ఇది ఎందుకు కదలల్ల?" జవాబు ఉంటే ఉంచాడు. లేకపోతే తీసేశాడు.

"ఈ ఆకులు ఎగిరి రావడం ఎందుకు?"

జవాబు లేదు. తీసేశాడు.

"ఈ వేరు కిందికి పోవడం?"

"వే... వేరు కిందికే పోతుంది గనక."

"వుండనీ."

అద్దాలు పోయాయి, బొంగరాలు పోయాయి, పేజీలు తిరగడం పోయింది. నేను అడిగి పెట్టించుకున్న గంతులు కూడా పోయాయి, కొంచెం బాధేసింది. స్లైడు నుంచి స్లైడుకు మారేటప్పుడు మన్ను గీత ఉన్నచోటనే ఉండేట్టు, దాని పైన కాలం మాత్రం మారేట్టు పెట్టాడు. కడకు పదకొండు కదలికలు మిగిలాయి. పదకొండూ మొక్క నిజంగా చేసే పనులే.

గురువారం నేను కూడా బస్సెక్కాను. కొండకు పోయి స్వామికి పూలు ఇచ్చి రావాలని మంజుతో చెప్పాను. "పూలు కొండ మీద ఇస్తావా, బడి కిటికీలో ఇస్తావా అత్తా?" అంది. దానికన్నీ తెలుసు.

బడి రెండంతస్తులు. ఏడో తరగతి కింది గది. వరండాలో వాచ్‌మన్ ఆపాడు. కొడుకు పరీక్ష, గుండె దడగా ఉందన్నాను. కొడుకు కాదు గాని, దడ నిజమే. కిటికీ పక్కన బెంచీ చూపించాడు. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి గాని చెక్కల మధ్య సందు రెండు వేళ్ళంత ఉంది. అది చాలు నాకు.

నలభై మంది పిల్లలు. వెనక బెంచీలో హెడ్‌మిస్ట్రెస్, ఆమె పక్కన తెల్ల చొక్కాలో బడి సెక్రెటరీ వెంకటపతి. ఆయనకు డెబ్బై ఏళ్ళుంటాయి. పాఠం తమిళంలోనే జరిగింది, మా వైపు రెండు భాషలూ ఒకటే నోట్లో ఉంటాయి కాబట్టి తెలుగులోనే చెప్తాను.

వరదన్ దండం పెట్టాడు. ఒక నొక్కు. ఎర్రమన్ను వచ్చింది. అంతే. ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. పిల్లలు ఆ ఖాళీ మన్ను వైపు చూశారు. ఇంకా చూశారు. ఒకడు ఉండబట్టలేక "మన్ను సార్" అన్నాడు.

"మన్ను" అన్నాడు వరదన్. తడబడలేదు.

నొక్కు. విత్తనం. "చెనిక్కాయ విత్తనం!" అని నాలుగు గొంతులు. అతను చెప్పాల్సిన మాట వాళ్ళే చెప్పేశారు. అతను దాని మీద ఇంకొక్క మాట పెట్టాడు. వేరు పోయింది, మొలక లేచింది, ఆకు విచ్చింది. ఒక్కొక్క దాని తర్వాత అతను ఆగాడు. మాట పట్టేసి ఆగాడో, కావాలని ఆగాడో నాకే తెలియలేదు. చిన్నప్పటి నుంచి చూసినదాన్ని, నాకే తెలియలేదు.

పువ్వు పూసింది. వాడింది. అక్కడ అతని పెదవులు అతుక్కున్నాయి. మెడ నరం లేచింది. నా చేతిలో పూల పొట్లం నలిగిపోయింది. అతను నొక్కాడు.

ఊడ బయలుదేరింది. ఐదు సెకన్లు. నలభై మంది పిల్లలు, ఇద్దరు పెద్దలు, కిటికీ బయట నేను, వాచ్‌మన్ కూడా నా భుజం మీదుగా. అందరి కళ్ళూ దాని మీదే. ఊడ మన్నును తాకింది. ముందు బెంచీలో రెండు జడల పిల్ల గుసగుసగా, తనకు తాను చెప్పుకున్నట్టు "లోపలికి పోతాంది" అంది. హెడ్‌మిస్ట్రెస్ ముందుకు వంగింది.

అప్పుడు వెంకటపతి లేచాడు. "లైటు వెయ్యండమ్మా. దాన్ని ఆపు తంబీ. మిషను బాగానే పాఠం చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పు."

వాచ్‌మన్ "అయ్యో పావం" అన్నాడు.

లైటు వెలిగింది. గోడ మామూలు గోడ అయిపోయింది. వరదన్ చేతిలో నొక్కడానికి ఏమీ లేదు. అందరూ ఇప్పుడు అతని నోటినే చూస్తున్నారు. బ్లాక్‌బోర్డు దగ్గరికి పోయి చాక్‌పీసుతో అడ్డంగా ఒక గీత గీశాడు. పిల్లల వైపు తిరిగాడు.

"ఊ... ఊ... ఊ..."

ఆ మాట బయటికి రాదు. నేను కళ్ళు మూసుకున్నాను. నవ్వు ఎప్పుడు వినబడుతుందా అని కాచుకున్నాను. మొదటి బళ్ళో ఏం జరిగిందో నాకు తెలుసు. ఒక్క పిల్లవాడు కిసుక్కుమంటే చాలు, అందరికీ అంటుకుంటుంది.

నవ్వు రాలేదు. కళ్ళు తెరిచాను. నలభై మంది పిల్లలూ, ఇంతసేపు గోడ వైపు ఎట్లా చూశారో అట్లాగే అతని ముఖం వైపు చూస్తున్నారు. ఏదో రాబోతోంది, వచ్చేదాకా కాచుకోవాలి అన్నట్టు. ఇరవై నిమిషాలుగా అతను వాళ్ళకు నేర్పింది అదే. బొమ్మ ఆగినా మాట ఆగినా ఆ పిల్లలకు ఒకటే అయిపోయింది.

"ఊడ" అన్నాడు వరదన్. పూర్తిగా వచ్చింది. "ఊడ దేన్ని వె... వెతుక్కుంటా పోతుంది?"

"నీళ్ళను." "చీకటిని సార్!" రెండు జడల పిల్ల అంది చీకటని.

"చీకటిని" అన్నాడు వరదన్. "వె... వెలుతురులో దాని కొన ఉబ్బదు. చీ... చీకట్లోకి పోయినాకనే కాయ అవుతుంది."

మూడుసార్లు పట్టేసింది. మూడుసార్లూ కాచుకున్నారు. వెంకటపతి కూర్చోలేదు. నిలబడే అడిగాడు. ఆ గొంతు పరీక్ష పెట్టేవాడిది కాదు. "అయితే తంబీ, నేల గట్టిపడి ఊడ లోపలికి పోలేకపోతే? మా చేనులో ఈసారి అట్లనే వుండాది."

వరదన్ జవాబు చెప్పాడు. పెద్ద జవాబు. పూత మొదలయ్యేలోపల నేల గుల్ల చేయాలని, మొక్క మొదట్లోకి మన్ను ఎగదోయాలని, ఊడలు దిగడం మొదలయ్యాక పారతో కదపకూడదని. దానికి చాలాసేపు పట్టింది. డెబ్బై ఏళ్ళ ఆ మనిషి పిల్లలతో పాటు కాచుకున్నాడు.

పాఠం అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ వరండాలోకి వచ్చింది. మర్యాదగా, దాచకుండా అడిగింది. "ఇది తగ్గదు కదా మీకు?"

"త... తగ్గదు మేడం."

"పిల్లలు నవ్వితే?"

"న... నవ్వుతారు. కొన్నాళ్ళకు మానేస్తారు."

ఆమె గది లోపలికి చూసింది. పిల్లలు బ్లాక్‌బోర్డు ముందు గుంపుగా చేరి, అతను గీసిన గీత కిందికి ఎవరి ఊడ వాళ్ళు గీసుకుంటున్నారు.

"సోమవారం నుంచి ఏడో తరగతి మీది. ఆర్డరు ఇంటికి పంపిస్తాం" అంది.

కొండకు పోలేదు. పూలు బస్టాండులో టీ అంగడిలో దేవుడి పటానికి ఇచ్చేశాను. వరదన్ ఫోను తీసి మంజుకు చేశాడు. ఆమె ఎత్తింది. ఇటు వరదన్ పెదవులు అతుక్కున్నాయి.

"సో... సో... సో..."

ఫోనులో బొమ్మ లేదు, నొక్కడానికి ఏమీ లేదు. ఆ ఫోను లాక్కుని "ఉద్యోగం వచ్చిందమే!" అని అరిచేయాలని నా నాలుక దురద పెట్టింది. ఆపుకున్నాను. అవతల మంజు కూడా ఏమైందని అడగలేదు, కుట్టుమిషను చప్పుడు ఆపి ఊరికే ఉంది. ఆర్.కె.పేట బస్సు వచ్చి మా ముందరే నిలబడింది. కండక్టరు రండమ్మా, రండి అని పిలిచాడు. వరదన్ ఇంకా సోమవారం అన్న మొదటి మాట మీదే ఉన్నాడు.

చేత్తో సైగ చేసి ఆ బస్సును పొమ్మన్నాను.